మారిన బతుకు, వదలని విద్య

 

ఈ రోజు పట్టాలు అందుకుంటున్న మీకు పడి లేచిన ఒక సంగీతకారుడి గురించి చెప్పాలనుకుంటున్నాను. మీలో హెవీ మెటల్ వినేవాళ్లకి ఆయన పేరు తెలిసే ఉంటుంది. బ్రయాన్ వెల్చ్. అభిమానులు 'హెడ్' అని పిలుస్తారు. కాలిఫోర్నియాలోని బేకర్స్‌ఫీల్డ్‌లో 1993లో మొదలైన కోర్న్ బ్యాండ్‌లో గిటారిస్టు. మామూలు గిటార్‌కి ఆరు తీగలు. ఆ బ్యాండ్ గిటారిస్టులు ఇద్దరూ ఏడు తీగల గిటార్ పట్టారు. ఏడో తీగ అసలే మంద్రంలో పలుకుతుంది. దాన్ని ఇంకా ఒక పూర్తి స్వరం కిందికి దించారు. అంత దించేసరికి తీగ వదులై, మీటినప్పుడల్లా కొట్టుకుంటుంది. చెవికంటే ముందు ఛాతీకి తగిలే గర్జన పుడుతుంది. 1994లో వచ్చిన మొదటి ఆల్బమ్‌తోనే ఆ నాదం ఒక తరాన్ని కట్టిపడేసింది.

పేరు వచ్చింది, డబ్బు వచ్చింది. వాటి వెంటే మెథాంఫెటమైన్ అనే మత్తుమందు కూడా వచ్చింది. వెల్చ్ అప్పటికి తన కూతుర్ని ఒంటరిగా పెంచుతున్న తండ్రి. ఒకరోజు ఆ చిన్నపిల్ల ఇంట్లో తిరుగుతూ కోర్న్ పాట ఒకటి పాడుకుంటోంది. పిల్లల నోట వినకూడని పాట అది. తన బ్యాండ్ పాటే తన కూతురి గొంతులోంచి వస్తుంటే తట్టుకోలేకపోయానని ఆయన తర్వాత చెప్పుకున్నారు. 2005 ఫిబ్రవరిలో బ్యాండ్ వదిలేశారు. మార్చిలో యొర్దాను నదిలో బాప్తిస్మం తీసుకున్నారు.

నన్ను పట్టి ఆపింది ఆ తర్వాతి సంగతి. 2008 సెప్టెంబరు 9న ఆయన మొదటి సోలో ఆల్బమ్ 'సేవ్ మీ ఫ్రమ్ మైసెల్ఫ్' వచ్చింది. నా నుంచే నన్ను కాపాడమనే ప్రార్థన ఆ పేరులోనే ఉంది. అందులో సున్నితమైన భజనలు ఉంటాయనుకున్నవాళ్లకి అదే గర్జన వినిపించింది. అవే మంద్రపు తీగలు, అదే అరుపు. అన్నాళ్లూ గాయకుడి పక్కన నిలబడి గిటార్ వాయించిన మనిషి ముందుకొచ్చి తన గొంతుతో తానే పాడాడు. 'ఫ్లష్' అనే పాటలో మత్తు రోజుల్లో తాను ఎంత దిగజారాడో దాచుకోకుండా చెప్పాడు. దాని వీడియో చూసి కొందరు విశ్వాసులే నొచ్చుకున్నారు. రోగం ఎలా ఉంటుందో చూపించకుండా నయమైందంటే ఎవరు నమ్ముతారు? మతం పేరుతో జరిగే పెత్తనం మీద కూడా అదే ఆల్బమ్‌లో కోపంగా పాడాడు. దేవుణ్ణి నమ్మినవాడు నోరు మూసుకోవాలని ఆయన అనుకోలేదు.

మీకు నేను చెప్పదలచుకున్నది ఇదే. బతుకు మార్చుకోవాల్సి వస్తే మార్చుకోండి. మార్చుకునేటప్పుడు మీ విద్యను మాత్రం పారేసుకోకండి. ఆ విద్యతోనే మీ నిజం చెప్పండి.

ఇది మన నేలకు కొత్త సంగతి కాదు. 1803లో పర్లాకిమిడి దగ్గర మదనాపురంలో పురుషోత్తమ చౌదరి పుట్టారు. ఆ రోజుల్లో మన శ్రీకాకుళం కూడా గంజాం జిల్లాలోదే. సంస్కృతం, తెలుగు, ఒడియా బాగా చదువుకున్న పండితుడు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నారు. విశ్వాసం మారింది కదా అని చేతిలో ఉన్న పాటను ఆయన వదలలేదు. పల్లవి, అనుపల్లవి, చరణాలతో, రాగతాళాలతో నూటికి పైగా కీర్తనలు కట్టారు. ఈ రోజుకీ మన ఊళ్లలో ఏ చర్చిలోనైనా ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. కీర్తన తలమీద రాగం పేరు, తాళం పేరు అచ్చయి కనిపిస్తాయి. త్యాగరాజుకు సమకాలికుడైన మనిషి ఆ కీర్తన బాణీని కొత్త నమ్మకంలోకి వెంట తీసుకెళ్లాడన్నమాట.

వాద్యం విషయంలోనూ మనకు ఇలాంటి ఉదాహరణే ఉంది. విజయనగరంలో 1919లో మహారాజా విజయరామ గజపతి సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. అక్కడే వయొలిన్ ఆచార్యుడిగా చేరిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు చూపు తక్కువైనా, పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌ను సోలో కచేరీ స్థాయికి తీసుకెళ్లినవారిలో ముందువరసలో నిలిచారు. వయొలిన్ యూరప్ నుంచి వచ్చింది. మన వాళ్లు నేలమీద కూర్చుని, కొసను చీలమండకు ఆనించి, తీగల్ని స-ప-స-పలకు శ్రుతి చేసుకున్నారు. వాద్యం ఎక్కడిదైనా దానిలో పలికే నిజం వాయించేవాడిదే. వయొలిన్‌కి ఇది ఎంత నిజమో ఏడు తీగల గిటార్‌కీ అంతే నిజం.

ఇక మీ దగ్గరికి వస్తాను. మీలో చాలామంది రేపో మాపో హైదరాబాదుకో బెంగళూరుకో బయల్దేరతారు. నలుగురైదుగురు కలిసి ఒక రూములో ఉంటారు. ఇంటరెస్టు లేని ఉద్యోగం, రాత్రి షిఫ్టు, ఇంటి నుంచి అప్పు గురించి ఫోన్. అలాంటి సాయంత్రాల్లోనే సీసా మంచి స్నేహితుడిలా కనిపిస్తుంది, గంజాయి చుట్ట చేతికి వస్తుంది. మన జిల్లాల నుంచి గుజరాత్‌లోని వేరావల్ చేపల పడవల మీదికీ, నగరాల్లో కట్టుబడి పనులకీ వెళ్లిన మన తండ్రులకు, అన్నలకు ఈ ఒంటరితనం బాగా తెలుసు. అందులో కొన్ని ఇళ్లు ఎలా కూలిపోయాయో ఈ హాల్లో కూర్చున్న అమ్మలకు తెలుసు.

అందుకే రెండు ముఖ్యమైన మాటలు. వ్యసనం బుద్ధిలేనితనం కాదు, చికిత్స ఉన్న జబ్బు. ఏళ్లుగా తాగుతున్న మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ, మతిభ్రమణం దాకా రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. దీక్ష పట్టినా, ప్రార్థన చేసినా, ఒట్టు వేసినా డాక్టరు పర్యవేక్షణ కూడా ఉండాలి. కేంద్ర ప్రభుత్వ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446 ఉచితం. మీ ఫోన్‌లో ఈ రోజే సేవ్ చేసుకోండి. మీకు అక్కర్లేకపోవచ్చు, మీ రూమ్మేటుకు కావచ్చు.

రెండోది, మానడం ఒక్క రోజు పని కాదు. మెథాంఫెటమైన్ మానిన మనిషికి నెలల తరబడి ఏదీ సంతోషంగా అనిపించకపోవచ్చు. ఆ నిస్సారమైన రోజుల్లో చేతికి ఒక పని కావాలి, పక్కన మనుషులు కావాలి. వెల్చ్‌కి తన విశ్వాసం ఉంది, కూతురు ఉంది, గిటార్ ఉంది. 2005లో వదిలిన బ్యాండ్‌కి 2013లో తిరిగి వచ్చారు. ఎనిమిదేళ్లు పట్టింది. మత్తు లేకుండా అదే వేదిక మీద నిలబడే మనిషిగా వచ్చారు. పాత మిత్రులు తలుపు తెరిచారు కాబట్టే రాగలిగారు.

మన ఊళ్లలో ఆ తలుపు తెరుచుకుంటుందా? మానేసి పదేళ్లయినా 'ఆ తాగుబోతు ఎంకడు' అనే పిలుపు మానం. పెళ్లి సంబంధం దగ్గర, పని ఇచ్చే దగ్గర పాత లెక్క తవ్వుతాం. ఈ అలవాటును మార్చగలిగినవాళ్లు మీరే. మీలో టీచర్లయ్యేవాళ్లు ఉన్నారు, నర్సులయ్యేవాళ్లు ఉన్నారు, సచివాలయంలో ఉద్యోగం చేసేవాళ్లు ఉన్నారు. బాగుపడి వచ్చిన మనిషి మీ బల్ల ముందుకొస్తే అతని పాత పేరు ఎత్తకండి. అతనికి ఏ పని వచ్చో అడగండి. వడ్రంగమా, డ్రైవింగా, డప్పా, చేపల వలా? ఆ పని చేతికందించండి. మందు వల్ల పోయిన గౌరవం తిరిగి వచ్చే దారి అదే.

వెల్చ్ విశ్వాసమే అందరికీ మార్గమని నేను అనడం లేదు. కొందరికి గుడి, కొందరికి మసీదు, కొందరికి చర్చి, కొందరికి కేవలం ఒక మంచి డాక్టరు. ఎవరి ఆసరా వారిది. కానీ ఏ ఆసరా పట్టుకున్నా తన తప్పును దాచకుండా చెప్పుకోవడం, సాయం అడగడం, తన విద్యను మళ్లీ చేతపట్టడం, ఈ మూడూ అందరికీ కావాలి.

ఈ రోజు మీకిస్తున్న పట్టా మీరు నేర్చిన దానికి సాక్ష్యం. ఆ చదువు మీ మంచిరోజులకే కాదు, చెడ్డరోజులకు కూడా తోడుండాలి. ఎప్పుడైనా పడితే సిగ్గుపడకుండా చెయ్యి చాచండి. పక్కవాడు పడితే ఆలోచించకుండా చెయ్యి అందించండి. మన జిల్లాలకు మీ నుంచి కావలసింది ఇదే.

మీ అందరికీ ఆరోగ్యం, ధైర్యం, పని, పాట దక్కాలని కోరుకుంటున్నాను. శుభం.