సూపర్‌వైజర్ కుర్చీలో మనవాళ్లు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను హాస్టల్ వార్డెన్ని, డాక్టర్ని కాను. అయినా రాత్రి పదింటికి ఓ పిల్ల అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంటే ముందు కబురొచ్చేది నాకే. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416 మా నోటీసు బోర్డు మీద ఉంది. మీరూ ఫోన్లో పెట్టుకోండి. ఈ రోజు నేను చెప్పేది మాత్రం కౌన్సెలర్ల పనిని చూసి సరిదిద్దే సూపర్‌వైజర్ల గురించి.

క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్. అంటే రెండేళ్లు సూపర్‌వైజర్ దగ్గర కేసులు చూస్తూ నేర్చుకునే చదువు. ట్రైనీ రాసింది చదివి, ఇది జబ్బా కాదా అని ఆలోచింపజేసేది ఆయనే. "చనిపోయిన నానమ్మ వచ్చి పిలుస్తోంది" అని మన పిల్ల చెప్పిందనుకోండి. మన ఆచారం తెలియనివారు భ్రమ అని రాసేయొచ్చు. అలాగని అన్నిటికీ దిసారి దగ్గరికే తిప్పుతూ నెలలు పోగొట్టుకోవడమూ మన ఊళ్లలో ఉంది, అదీ ప్రమాదమే. ఆచారంలో భాగంగా వచ్చే పూనకాన్ని ఐసీడీ-11 జబ్బుల పట్టిక కూడా జబ్బు అనదు. మరి ఏది ఆచారమో, ఏది దాన్ని దాటిపోయిందో ట్రైనీకి ఎవరు చెప్పాలి? రెండు వైపులా తెలిసిన మనిషి.

మా హాస్టల్లో చదివి ఈ వృత్తిలోకి వెళ్లిన అమ్మాయి ఒక మాట చెప్పింది. ఏజెన్సీ కేసు వస్తే చాలు, మాట తర్జుమాకి తనను పిలుస్తారట. కేసు మీద చర్చ మొదలయ్యాక ఆమెను అడిగేవారుండరు. ఆ పని సర్వీసు లెక్కలోకీ రాదు.

ప్రమోషన్లలో రిజర్వేషన్‌కు 1995 నుంచి రాజ్యాంగంలో 16(4ఎ) ఉంది. మంచిదే. కానీ హోదా వచ్చినంత మాత్రాన ఇంకొకరికి నేర్పడం రాదు. బీఈడీలో నేను పాఠం చెబుతుంటే మాస్టారు వెనక బెంచీలో కూర్చుని రాసుకునేవారు. ఆయన ఏం రాశారో కంటే, దాన్ని నాకు ఎలా చెప్పారో చూసి ఎక్కువ నేర్చుకున్నాను. మనవాళ్లకూ అలా సీనియర్ పక్కన కూర్చునే అవకాశం కావాలి.

సంఘం పెద్దలకు ఒక మనవి. సాయం సీటు ఫీజుతో ఆపకండి, సూపర్‌వైజర్ శిక్షణకు వెళ్లేవారి దారి ఖర్చూ చూడండి. ఉద్యోగాల్లో ఉన్నవారు తర్జుమా చేసిన ప్రతిసారీ తేదీ వేసి, పై అధికారి సంతకం తీసుకోండి. నెలకోసారి ఆన్‌లైన్లో కలిసి, జూనియర్లతో కేసులు చర్చించండి. పేరే కాదు, ఊరు పేరూ చెప్పొద్దు. మన గూడేల్లో ఊరు తెలిస్తే మనిషి తెలిసిపోతుంది.

సైకాలజీ, సోషల్ వర్క్, నర్సింగ్ చదువుతున్నవారు ఇక్కడుంటే భోజనాల దగ్గర నన్ను కలవండి. ఆ అమ్మాయి కూడా వచ్చింది, పరిచయం చేస్తాను.