ఆ నవ్వుల్లో మనం ఎక్కడున్నాం?

(డిగ్రీ కాలేజీ విద్యార్థుల కోసం ఏర్పాటు చేసిన 'ఫాండ్రీ' సినిమా ప్రదర్శనకు ముందురోజు చేసిన ప్రసంగ పాఠం)



తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు సాయంత్రం ఇదే హాల్లో ఒక సినిమా వేస్తున్నారు. దానికి అటెండెన్స్ లేదు, ఇంటర్నల్ మార్కులు లేవు. మీరు రాకపోతే ఎందుకు రాలేదని అడిగేవాళ్లు కూడా లేరు. అందుకే ముందురోజే వచ్చి మిమ్మల్ని అడుగుతున్నాను. గంటా ముప్పావు సమయం ఇవ్వండి.

సినిమా పేరు 'ఫాండ్రీ'. 2013లో వచ్చిన మరాఠీ సినిమా. సినిమా మరాఠీదే గానీ ఆ పేరు మరాఠీ మాట కాదు. కైకాడి భాషలో ఫాండ్రీ అంటే పంది. తమిళంలో పన్రి, మనకు పంది. కైకాడీలు బుట్టలు అల్లుకుంటూ, పందులు పెంచుకుంటూ బతికిన సంచార జాతి. మన ఎరుకలవాళ్లకు దగ్గరివాళ్లు. ఈ రెండు జాతులనూ బ్రిటిష్ ప్రభుత్వం నేరస్త తెగల చట్టం కింద పుట్టుకతోనే దొంగలని రాసిపెట్టింది. 1871లో మొదలైన ఆ చట్టాన్ని 1952లో ఎత్తేశారు. ముద్ర పోయిందా లేదా అన్నది, ఎవరి ముందైనా స్టువర్టుపురం పేరెత్తి వాళ్ల మొహం చూడండి, మీకే తెలుస్తుంది.

ఈ సినిమా తీసింది నాగరాజ్ మంజులే. 'సైరాట్' తీసిన ఆయనే అంటే మీలో చాలామందికి గుర్తొస్తుంది. ఆయన షోలాపూర్ జిల్లాలో వడార్ కుటుంబంలో పుట్టారు. వడార్లంటే మన వడ్డెరలే. బండలు కొట్టుకుంటూ అటు వలసపోయినవాళ్లు. వాళ్ల ఇంటి భాషలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. కాబట్టి భాష రాదనే సాకు వద్దు. కింద సబ్‌టైటిల్స్ ఉంటాయి. లేకపోయినా సగం అర్థమవుతుంది. ఆ ఊరు మనకు తెలిసిన ఊరే.

ఇక కథ. జబ్యా అనే బడిపిల్లవాడు. తన క్లాసులోనే చదివే శాలూ అంటే ఇష్టం. ఆ అమ్మాయి పెద్దకులం పిల్ల. ఒక నల్లపిట్టను పట్టి కాల్చి, ఆ బూడిద ఆమె మీద చల్లితే తనను ప్రేమిస్తుందని ఎవరో చెబితే నమ్ముతాడు. వడిసెల పట్టుకుని తోటి పిల్లాడితో పొదలన్నీ తిరుగుతాడు. ఒక జీన్స్ ప్యాంటు కొనుక్కోవాలని కలలు కంటాడు. ఇంత మామూలు పిల్లవాడు. మొదటి గంటసేపు మీరు హాయిగా నవ్వుకుంటారు. "కులం సినిమా అంటే ఏడుపే కదా" అని భయపడేవాళ్లకు ఈ మాట చెబుతున్నాను.

జబ్యాగా నటించిన సోమనాథ్ అవఘడే సినిమావాడు కాదు. ఊళ్లో హల్గీ, అంటే మన పలక లాంటిది, వాయిస్తుంటే చూసి మంజులే తెచ్చుకున్న పిల్లవాడు. ఆ సినిమాకే జాతీయ ఉత్తమ బాలనటుడి అవార్డు అందుకున్నాడు. మంజులేకు తొలి చిత్ర దర్శకుడిగా ఇందిరాగాంధీ అవార్డు వచ్చింది. అవార్డుల కోసం చూడమని అనను. ఒక్క సన్నివేశం చెబుతాను, దాని కోసం రండి.

జాతర రోజుల్లో ఊళ్లో పందులు తిరుగుతున్నాయని పెద్దమనుషులు జబ్యా తండ్రి కచ్రూకు వాటిని పట్టే పని చెబుతారు. కూతురి పెళ్లి దగ్గర పడింది, చేతిలో డబ్బు లేదు. కుటుంబమంతా బడి పక్కనే పందుల వెంట పరుగెడుతుంది. పంది దొరకబోతున్న క్షణంలో బళ్లో జాతీయగీతం మొదలవుతుంది. జబ్యా నిటారుగా నిలబడిపోతాడు. తండ్రీ నిలబడతాడు. అందరూ ఎక్కడివాళ్లక్కడ ఆగిపోతారు. పంది మాత్రం ఆగదు. దేశాన్ని గౌరవించినవాళ్ల చేతిలోంచి ఆ రోజు కూలి జారిపోతుంది. దీని మీద దర్శకుడు ఒక్క డైలాగు కూడా రాయలేదు.

ఆ వేట ఊరికి వినోదం. జనం చుట్టూ చేరి చూస్తారు, నవ్వుతారు, వెక్కిరిస్తారు. జబ్యా మాత్రం శాలూ కంట పడకుండా దాక్కోవడానికి చోటు వెతుక్కుంటాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి. మా నాన్న పందులు పెంచేవాడు. నా చదువు ఖర్చులో చాలావరకు ఆ డబ్బే. డిగ్రీ మొదటి సంవత్సరంలో ఆయన హాస్టల్‌కు వచ్చి వెళ్లాక, "మీ నాన్న ఏం చేస్తాడు?" అని రూమ్మేట్ అడిగితే, "వ్యవసాయం" అన్నాను. మాకు సెంటు భూమి లేదు. అప్పటినుంచి మూడేళ్లు ఆ లేని పొలాన్ని సాగు చేశాను. వానలు పడ్డాయా అని స్నేహితులు అడిగితే పడ్డాయనీ, పత్తి వేశారా అంటే వేశామనీ చెప్పాను.

తర్వాత యూనివర్సిటీ హాస్టల్లో ఒక గదిలో పదిమందిమి లాప్‌టాప్ ముందు కూర్చుని 'ఫాండ్రీ' చూశాం. వేట దగ్గర గదిలో నవ్వులు మొదలయ్యాయి. ఎవరో బురదలో జారారు, అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జబ్యా దాక్కోవడం చూశాక నా నవ్వు ఆగింది. నేను ఎటువైపు కూర్చుని నవ్వుతున్నానో అప్పుడు తెలిసింది. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి, "నాన్నా, పందులెన్ని ఉన్నాయి?" అని అడిగాను. "పదకొండు. ఎందుకే?" అన్నాడు. ఊరికే అన్నాను. నిజానికి నాలుగేళ్లలో నేను ఆ మాట అడగడం అదే మొదటిసారి.

మీ క్లాసులో కూడా నవ్వులు ఉంటాయి. ఒకరి ర్యాంకు మీద, ఒకరి ఇంగ్లిష్ మీద, ఒకరి ఇంటిపేరు మీద, స్కాలర్‌షిప్ లైన్లో నిలబడినవాళ్ల మీద. కొట్టడం, తిట్టడం అయితే ఫిర్యాదు చేయొచ్చు. నవ్వు మీద ఫిర్యాదు ఎలా రాస్తాం? "జోక్ చేశాం, సీరియస్‌గా తీసుకుంటే ఎలా?" అంటారు. కులానికి అన్నిటికన్నా చౌకగా దొరికే ఆయుధం అది. ఈ సినిమా దాన్ని మన చేతిలోనే పట్టుకుంటుంది. మనల్ని ముందు నవ్వించి, తర్వాత ఎందుకు నవ్వావని అడుగుతుంది.

1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో మాట్లాడుతూ బాబాసాహెబ్, భారతీయ గ్రామాన్ని ఆకాశానికెత్తేవాళ్లను నిలదీశారు. ఆయన ఆ మాటలు ఎందుకన్నారో పరీక్ష కోసం చదివితే ఒక పాయింటుగా మిగులుతుంది. ఈ సినిమాలో ఆ ఊరి వీధిలో నిలబడి చూస్తారు.

చివరగా మూడు విన్నపాలు. ఒకటి, ఫోన్ పక్కన పెట్టండి. స్పీడు పెంచి రీల్స్ చూసే అలవాటుతో చూడొద్దు. ఈ సినిమా నెమ్మదిగా నడవడానికి కారణం ఉంది. రెండు, బడి గోడ వచ్చినప్పుడు దాని మీద ఎవరెవరి బొమ్మలున్నాయో, ఆ గోడ ముందు నుంచి ఎవరు ఏం మోసుకెళుతున్నారో చూడండి. మూడు, చివరి షాట్ గురించి ముందే వెతకొద్దు, ఎవరినీ అడగొద్దు. నేనూ చెప్పను. అది తెర మీది వాళ్ల కోసం తీసింది కాదు, హాల్లో కూర్చున్న మీకోసం తీసింది.

రేపు వేట మొదలయ్యాక మీకు నవ్వొస్తే ఆపుకోవద్దు, నవ్వండి. ఆ తర్వాత ఒకసారి పక్కకు తిరిగి చూడండి. మీ వరుసలో నవ్వనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో. ఉంటే, సినిమా అయ్యాక వాళ్లతో కలిసి టీ తాగి మాట్లాడండి. ఆ నవ్వనివాళ్లు మీరే అయితే, నేను వెనక వరుసలోనే ఉంటాను. వచ్చి పక్కన కూర్చోండి.

జై భీమ్.