కొత్త గుర్రం, పాత భయం

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం పోయే త్రోవలో ఒకప్పుడు గుర్రం విలాసవస్తువు కాదు. బస్సులు లేని రోజులలో తాలూకా ఉద్యోగులకు, అడవి అధికారులకు అదే వాహనం. 1965లో భద్రాచలం వద్ద గోదావరి మీద వంతెన ఏర్పడింది. రోడ్లు పెరిగినవి, మోటార్లు వచ్చినవి, గుర్రం వెనుకకు తగ్గింది. నేడు ఈ అడవి అంచు గ్రామాలలో ఎవరైనా గుర్రాన్ని కొన్నారంటే, పెండ్లి ఊరేగింపులకో, మామిడితోట చుట్టి రావడానికో, కేవలం ముచ్చటకో కొంటారు. అట్లా కొనేవారిలో చిన్ననాడు స్వారి నేర్చి, ఒకసారి క్రిందపడి, ఆపైన మానివేసినవారు కూడా ఉంటారు. నడివయస్సులో ముచ్చటపడి గుర్రాన్ని తెచ్చుకుంటారు. తీరా రికాబులో కాలు పెట్టేసరికి గుండె దడదడలాడుతుంది. ఈ ప్రసంగం ముఖ్యంగా అటువంటివారిని ఉద్దేశించినది.

వారి ముంగిట నిజానికి రెండు భయాలు నిలిచి ఉన్నవి. ఒకటి రౌతుది, రెండవది గుర్రానిది. ఎరుగని చోటు, ఎరుగని మనుషులు, ఎరుగని నీరు దానిని కలవరపెడుతూ ఉంటవి. ఈ రెండూ తీరకముందే స్వారికి తొందరపడితే రెండవసారి పడడం తప్పదు. అప్పుడు మనిషి శాశ్వతంగా జీను దిగుతాడు. గుర్రానికి పొగరుబోతు అన్న పేరు వచ్చి, సంతనుంచి సంతకు చేతులు మారుతుంది. రెండింటికీ మందు ఒక్కటే అని చెప్పడమే నా ఉద్దేశం.

పదమూడవ శతాబ్ది చివర దక్షిణ దేశానికి వచ్చిన మార్కోపోలో ఒక విచిత్రం వ్రాసినాడు. తమిళదేశపు రాజులు ఏటేటా వేలకొలది గుర్రాలను సముద్రం మీదుగా తెప్పించుకునేవారట. పోషణ తెలియక, ఏడాది తిరిగేసరికి వాటిలో చాలా భాగం చచ్చిపోయేవట. కొనడానికి ధనం చాలును. నిలుపుకోవడానికి తెలివి కావలె. కాకతీయుల శాసనాలలో పేర్ల చివర కనిపించే ‘సాహిణి’ అన్న బిరుదు గుర్రాలను, ఏనుగులను మచ్చిక చేసి నడిపేవారిదే. మనుమంచి భట్టు తెలుగులో హయలక్షణ విలాసమని ఒక కావ్యమే రచించినాడు. ఈ విద్య మనకు కొత్తది కాదు.

మన ప్రాంతానికి గుర్రాలు తరచు దూరం నుంచే రావలె. నాందేడు జిల్లా మాళేగావు జాతర, తపతి ఒడ్డున సారంగఖేడా జాతర గుర్రాల సంతలకు ప్రసిద్ధమైనవి. లారీలో ఒక పగలు, ఒక రాత్రి నిలబడి వచ్చిన గుర్రానికి మొదట కావలసినవి నీడ, మంచినీరు, నెమ్మది. సాధారణమైన గుర్రం రోజుకు 25 నుంచి 40 లీటర్ల నీరు త్రాగుతుంది; ఎండకాలంలో ఇంకా ఎక్కువే. అమ్మినవారు ఏ మేత వేసేవారో అడిగి తెలుసుకుని, మొదటి రోజులలో అదే వేయవలె. మన గరికను, మన ఉలవలను కొద్దికొద్దిగా కలుపుతూ పది దినాలలో మార్చుకోవలె. గుర్రం వాంతి చేసుకోలేని జంతువు. మేత ఒక్కసారి మారితే వచ్చే కడుపునొప్పి దాని ప్రాణం తీయగలదు. ఉలవలు నానబెట్టి గాని ఉడికించి గాని పెట్టవలె. ఇంటినిండా వరిగడ్డి ఉన్నదని అదే వేయకూడదు. నెమరువేసే ఎద్దు దానిని అరిగించుకుంటుంది గాని గుర్రానికి అది ప్రేగులలో అడ్డుపడవచ్చు. లేత జొన్నపైరులోకి అసలే వదలకూడదు.

మూడు వారాలపాటు దానిని ఇతర గుర్రాలకు, గాడిదలకు దూరంగా ఉంచవలె. మనుషులకు కూడా సోకే గ్లాండర్స్ వ్యాధి లేదని రక్తపరీక్ష ద్వారా పశువైద్యునిచేత నిర్ధారణ చేయించుకోవలె. ధనుర్వాతానికి టీకా వేయించవలె. అడవి అంచున మరొక శత్రువు ఉన్నది. వానాకాలంలో జోరీగలు సర్రా అనే జ్వరాన్ని ఒక పశువునుంచి మరొక పశువుకు చేరవేస్తవి. దాని క్రిమిని 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే సైనిక పశువైద్యుడు డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో కనుగొన్నాడు. జ్వరం వచ్చి పోతూ ఉండడం, మేత తింటూనే చిక్కిపోవడం, కాళ్ళకు, పొట్ట క్రింద నీరు దిగడం దాని గుర్తులు. ఆ స్థితిలో బద్ధకించిందని గుర్రాన్ని కొట్టడం అన్యాయం.

ఇక మచ్చిక సంగతి. గుర్రం కండ్లు తలకు ఇరుప్రక్కల ఉంటవి. దాదాపు చుట్టూ కనిపిస్తుంది. అయితే సరిగా నొసటి ముందు, తోక వెనుక ఉన్నది కనిపించదు. కాబట్టి ఎప్పుడూ భుజం ప్రక్కనుంచి, మాట వినిపిస్తూ దగ్గరకు పోవలె. వేళ తప్పకుండా ఒకే మనిషి మేత పెట్టి, మాలీసు చేసి, గిట్టలెత్తి శుభ్రపరచవలె. బెదిరినప్పుడు కొడితే, బెదిరించిన వస్తువుతోపాటు దెబ్బ కూడా దాని మనస్సులో నిలిచిపోతుంది. ఈ మాట ఇరవైమూడు వందల ఏండ్ల క్రిందటనే గ్రీకుదేశంలో జెనోఫన్ చెప్పినాడు. కొత్త చోట గుర్రం కొన్ని రాత్రులు నిలబడే కునుకు తీస్తుంది. నిశ్చింతగా పండుకుని నిద్రించిననాడు అది మన ఇంటిదయిందనుకోవచ్చు.

రౌతు భయం గుర్రానికి తెలుస్తుందా? తెలుస్తుందనే చెప్పవలె. 2009లో ప్రచురితమైన ఒక స్వీడను పరిశోధన ఉన్నది. గుర్రాలను ఒక దారి వెంట నాలుగుసార్లు నడిపించినారు. నాలుగవసారి, గుర్రం దాటుతుండగా గొడుగు తెరుస్తామని మనిషికి ముందుగా చెప్పినారు. గొడుగు తెరవనే లేదు. అయినా మనిషి గుండె వేగంతోపాటు గుర్రం గుండె వేగం కూడా పెరిగింది. భయం లేనట్లు నటించడం వల్ల ప్రయోజనం లేదు. భయం కలగని పనితో ఆరంభించడమే ఉపాయం.

మూడున్నరవేల ఏండ్లకు చేరువైన నాటి మితన్ని దేశపు అశ్వశిక్షకుడు కిక్కులి, రథాశ్వాలకు సుమారు ఏడు నెలల దినచర్య వ్రాసిపెట్టినాడు. అందులోని ఐక, తేర, పంజ, సత్త అన్న సంఖ్యలు మన సంస్కృతానికి చుట్టాలు. శిక్షణ నెలల లెక్కన సాగవలెనని ఆనాడే గుర్తించినారన్నమాట.

కావున మొదటి వారాలలో జీను ఎక్కవద్దు. పగ్గం పట్టుకుని ప్రక్కన నడవండి. నిలుమంటే నిలవడం, వెనుకకు అంటే అడుగు వెనుకకు వేయడం నేలమీదనే కుదరవలె. పాడేరు మన్యంలో రోడ్డు చక్కగా లేని కొండ పల్లెల గిరిజనులు గుర్రాలపై మూటలు వేసి వారపు సంతకు ప్రక్కన నడిచిపోతారు. ఆ కాలినడకలోనే వారికీ గుర్రానికీ పొత్తు కుదురుతుంది. తరువాత కంచెవేసిన చోట, తెలిసిన మనిషి పగ్గం పట్టి ఉండగా, తలకు హెల్మెట్ ధరించి ఎక్కవలె. పది నిమిషాల నడక చాలును. ఇంకా చేయగలమనిపించినప్పుడే దిగవలె. నడక విసుగు పుట్టేంత సులువైన తరువాతనే పరుగు.

అడవిదారికి మొదటిసారి పోయేటప్పుడు నెమ్మదైన మరొక గుర్రం తోడుంటే మంచిది. ఇప్పపువ్వు రాలే రోజులలో తెల్లవారుజామున ఆ చెట్ల క్రిందికి ఎలుగుబంట్లు వస్తవి. ఆ వేళ ఆ త్రోవ మానవలె. ఎండుటాకుల చప్పుడుకు గుర్రం చెవులు నిక్కించి ఆగితే తిట్టక, తిప్పక, చూడనిచ్చి, ఊపిరి వదిలినాక ముందుకు నడపవలె.

ఇంత చేసినా భయం తీరనివారు ఉండవచ్చు. అందులో సిగ్గుపడవలసింది లేదు. అనుభవం గల శిక్షకుని దగ్గర కొన్నాళ్ళు నేర్చుకోవచ్చు. గుర్రం ప్రక్కన నడిచి, మేపి, మాలీసు చేసి సంతోషించేవారు కూడా గుర్రం గలవారే. స్వారి మరొక ఏడాదికి వాయిదా పడినా నష్టం లేదు. అంతవరకు గుర్రం ఆరోగ్యంగా, నెమ్మదిగా మన చావడిలో ఉంటే చాలును.