ఇంట్లో నడక మిషను: విసుగు లేకుండా నడిచే విధం

(రావికమతంలో పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార శాఖ ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చూడగానే ఆడిట్ సంగతో, వాటాధనం సంగతో చెబుతానని మీరు అనుకుని ఉంటారు. ఈ రోజు ఆ రెండూ కావు. కార్యదర్శుల ఇళ్ళకు, సభ్యుల ఇళ్ళకు వెళ్ళినప్పుడు కొన్నేళ్ళుగా నా కంటపడుతున్న ఒక వస్తువు గురించి చెప్పదలచాను. దాని పేరు ట్రెడ్‌మిల్. మన వాళ్ళు నడక మిషను అంటున్నారు. విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఉద్యోగం చేసుకునే కొడుకు, అమ్మకు షుగరు వచ్చిందనో నాన్నకు బి.పి. వచ్చిందనో కొని పంపుతాడు. మొదటి నెల ఇంటిల్లిపాదీ ఎక్కుతారు. మూడో నెలకు దాని చేతిపట్టీల మీద తడి తువ్వాళ్ళు ఆరుతుంటాయి. ఒక ఇంట్లో దాని మీద రెండు దాణా బస్తాలు చూశాను. ముప్పై నలభై వేలు పోసి దండెం కొన్నట్లయింది.

పాడి ఉన్నవాళ్ళకు వేరే నడక దేనికండీ అని మీలో కొందరు అడగవచ్చు. సబబైన ప్రశ్నే. తెల్లవారుజామున లేచి పేడ తీసి, గడ్డి కోసి మోపు నెత్తిన పెట్టుకు వచ్చే తల్లికి ఈ ప్రసంగం అక్కరలేదు. ఆమెకు కావలసింది అరగంట విశ్రాంతి. ఆ అరగంట ఇంట్లో మగవాళ్ళు ఇప్పించాలి. కాని ఇంటికి నలుగురు ఉంటే పశువుల పని ఒకరిద్దరి మీదే పడుతున్నది. మిగతావాళ్ళు పాలకేంద్రానికి కూడా మోటారు సైకిలు మీదే వస్తున్నారు. గడ్డిని మిషను ముక్కలు చేస్తున్నది. కార్యదర్శులు, పాల పరీక్ష చేసేవాళ్ళు రెండు పూటలా కుర్చీలోనే ఉంటున్నారు. పశువులు అమ్మేసిన పెద్దవాళ్ళు అరుగు దిగడం లేదు. షుగరు పట్నం జబ్బు అనుకునే రోజులు పోయాయి. భారత వైద్య పరిశోధన మండలి వారి సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. వాటి ప్రకారం దేశంలో షుగరు ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారు. ఆ లెక్కలో మన సంఘాల సభ్యులు కూడా ఉన్నారు. మందుల చీటీ పాల బిల్లులో ఎంత తినేస్తున్నదో మీకే తెలుసు.

ఆరుబయట నడవగలవారు ఆరుబయటే నడవండి. కల్యాణపులోవ వైపు వీచే గాలిని ఏ మిషనూ ఇవ్వలేదు. అయితే చల్లటి వేళ ఉదయమూ సాయంత్రమూ మనకు పాల వేళలే. చీకటి పడ్డాక రోడ్డు మీద లారీలు, కుక్కలు. ఆడవాళ్ళు ఊరికే రోడ్డు మీద నడిస్తే "ఎక్కడికే?" అని అడిగేవాళ్ళు పది మంది. వానాకాలం సరేసరి. అందుచేత ఇంట్లో మిషను దండగ కాదు. దాన్ని వాడకపోవడమే దండగ.

ఎందుకు వాడటం లేదు? బద్ధకం అని తేల్చేయడం నాకు ఇష్టం లేదు. ఒక ఇంట్లో పెద్దావిడను ఇదే అడిగాను. "ఎంత నడిసినా మా కల్లం రాదేటి బాబూ!" అంది. నడక అంటే ఎక్కడికో చేరడం. దారిలో నలుగురు పలకరిస్తారు, చేను కనబడుతుంది, చివరకు కల్లం వస్తుంది. మిషను మీద అడుగులు పడతాయేగాని గోడ అక్కడే ఉంటుంది. గానుగెద్దు కూడా గుండ్రంగానైనా తిరుగుతుంది.

ఈ యంత్రం పుట్టుకలోనే విసుగు ఉంది. ఇంగ్లండులో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు 1818లో జైలు ఖైదీల కోసం పెద్ద మెట్ల చక్రం తయారుచేశాడు. ఖైదీలు గంటల తరబడి దాన్ని ఎక్కుతూ ఉండాలి, పక్కవాడితో మాట్లాడరాదు. ఎటూ చేరని అడుగే అక్కడ శిక్ష. 1898లో చట్టం చేసి దాన్ని మాన్పించారు. పాడివాళ్ళం కాబట్టి మనకు నచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఆ శతాబ్దంలోనే అమెరికా పల్లెల్లో వాలుగా అమర్చిన పలకల పట్టీ మీద కుక్కనో గొర్రెనో నడిపించి, ఆ బలంతో కవ్వం తిప్పి వెన్న తీసేవారు. తరువాత గుండె డాక్టర్లు దీన్ని పరీక్షకు వాడారు. విశాఖ ఆసుపత్రుల్లో టి.ఎం.టి. అని చేసేది అదే. ఇళ్ళలోకి వచ్చింది ఆ తరువాతే. కాబట్టి దాని మీద మీకు విసుగు పుడితే తప్పు మీది కాదు. ఆ శిక్షలో తీసేసిన మాటను, పాటను, తోడును మనం తిరిగి చేర్చుకోవాలి.

ఎలా చేర్చాలో మన గేదెను చూస్తే తెలుస్తుంది. గేదె బలవంతానికి చేపదు. వేళకు, అలవాటైన మనిషి, అలవాటైన చోట, బకెట్టు చప్పుడు చేస్తూ వచ్చి, ముందు కాస్త దాణా పెట్టి, పొదుగు కడిగితే చేపుతుంది. ఆ చప్పుళ్ళకే దాని ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలవుతుంది. కసిరితే పాలు బిగబట్టుకుంటుంది. సూదివేసి చేపించడం నేరం, అది వేరే సంగతి. మన శరీరమూ అంతే. రేపటి నుంచి రోజూ గంట నడుస్తానని ఒట్టు పెట్టుకోవడం గేదెను కసరడం వంటిదే. వేళ, చోటు, చప్పుడు, ముందు కాస్త దాణా, ఈ నాలుగూ కుదర్చండి.

మొదట వేళ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినదాని ప్రకారం పెద్దలకు వారానికి 150 నిమిషాలైనా ఒక మోస్తరు శ్రమ కావాలి. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. ఆ అరగంట ఒక్కసారే చేయాలని లేదు. న్యూజిలాండులో ఒటాగో విశ్వవిద్యాలయం వారు 2016లో ప్రకటించిన పరిశోధనలో 41 మంది షుగరు రోగులను కొన్నాళ్ళు రోజులో ఏదో ఒక వేళ 30 నిమిషాలు నడిపించారు. కొన్నాళ్ళు మూడు పూటలా తిన్న తరువాత పదేసి నిమిషాలు నడిపించారు. తిన్నాక నడిచినప్పుడు భోజనానంతర షుగరు సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తరువాతైతే 22 శాతం తక్కువ. నా ఎరుకలో దీన్ని మించిన సలహా లేదు. పది నిమిషాలకు ఎవరికీ విసుగు పుట్టదు. మూడు పూటలా కుదరనివారు రాత్రి పూటనైనా వదలవద్దు.

తరువాత చోటు. చాలా ఇళ్ళలో మిషనును వెనక గదిలో, గోడకు ఎదురుగా పెడతారు. అది జైలు పద్ధతే. ఇంటివాళ్ళు కూర్చునే చోట, వీధి గుమ్మమో పశువుల శాలో కనబడేటట్లు పెట్టండి. మీరు నడుస్తుంటే మనవరాలు పక్కన కూర్చుని పాఠం చదువుతుంది, ఇంటావిడ కూర తరుగుతూ కబుర్లు చెబుతుంది. ఊళ్ళో నడిస్తే దొరికే పలకరింపు ఇంట్లోనే దొరుకుతుంది. అయితే మిషను వెనక గోడగాని బల్లగాని దగ్గరగా ఉండకూడదు. నాలుగైదు అడుగుల ఖాళీ ఉండాలి.

ఇక చప్పుడు. పాట వింటూ నడిస్తే పడే శ్రమ తక్కువగా అనిపిస్తుందని లండనులోని బ్రూనెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చాలా ఏళ్ళుగా చెబుతున్నారు. మనకు ఇది కొత్త కాదు. ఊడ్పుల్లో పాట ఎందుకు పుట్టింది? ఆదిభట్ల నారాయణదాసుగారి కాలం నుంచి హరిదాసు గజ్జె కట్టి రాత్రి పొద్దుపోయేదాకా అడుగు వేస్తూనే ఉన్నాడు గదా. తప్పెటగుళ్ళ వాళ్ళు ఎగిరే ఎగురుడులో సగం కూడా మన నడకలో లేదు. నిమిషానికి సుమారు 100 అడుగులు పడితే అది ఒక మోస్తరు నడక అని శాస్త్రజ్ఞుల లెక్క. అడుగుకు ఒక దెబ్బ చొప్పున పడే పాటలు నాలుగు ఏరుకోండి. మొదట నెమ్మది పాట, మధ్యలో తప్పెటగుళ్ళు, చివర మళ్ళీ నెమ్మది పాట. మూడు పాటలకు పది నిమిషాలు దాటిపోతాయి. గడియారం కేసి చూడనక్కరలేదు. మిషను మీద వెలిగే అంకెల పైన ఒక తువ్వాలు కప్పినా మంచిదే. తువ్వాలుకు అక్కడ అంతవరకే పని.

ముందు పెట్టే దాణా సంగతి. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వారు 2014లో ప్రకటించిన ప్రయోగం ఒకటి తమాషాగా ఉంటుంది. ఆసక్తికరమైన నవలలను రికార్డు చేసి, వాటిని వ్యాయామశాలలో మాత్రమే వినాలని నియమం పెట్టారు. కథ ఏమైందో తెలుసుకోవాలని జనం మొదట్లో మిగతావారికన్నా 51 శాతం ఎక్కువగా వెళ్ళారు. తరువాత సెలవులు వచ్చాయి, అలవాటు సడలింది. మీకు నచ్చిన సీరియలో, బుర్రకథో, రంగస్థల పద్యాలో ఏదైనా ఒకటి మిషనుకే కేటాయించండి. మిషను ఎక్కితేనే తరువాతి భాగం. పెళ్ళిళ్ళు, పండగలు దాటాక మాత్రం కొత్త కథ మొదలుపెట్టాలి, పాతది పట్టు ఇవ్వదు. ఫోను చేత్తో పట్టుకుని చూడరాదు. ముందున్న పలక మీద నిలబెట్టండి.

మీకు పాల పుస్తకం అలవాటే. అటువంటి పుస్తకమే ఒకటి మిషనుకు కట్టి, ఉదయం ఎన్ని నిమిషాలు, సాయంత్రం ఎన్ని నిమిషాలు అని రాయండి. పాల బిల్లు వచ్చిన రోజున కూడికలు వేయండి. భార్యాభర్తలిద్దరికీ చెరొక గడి ఉంటే సరదాగా ఉంటుంది. వేగంలో మాత్రం పోటీ వద్దు. అరవై ఏళ్ళాయన కొడుకుతో పందెం వేసి పరుగెత్తవలసిన పని లేదు. గంటకు 3 కిలోమీటర్లతో మొదలుపెట్టి, ఒళ్ళు వెచ్చబడ్డాక 4, 5కు పెంచితే చాలు. మాట్లాడగలగాలి, పాట పాడబోతే ఆయాసం రావాలి, అదే సరైన వేగం.

జాగ్రత్తల మాట క్లుప్తంగా చెబుతాను, కాని వీటిని విడిచిపెట్టవద్దు. మిషనుకు తాడుతో ఒక చిన్న తాళం ఉంటుంది. దాన్ని చొక్కాకో జాకెట్టుకో తగిలించుకోవాలి, పడిపోతే అదే మిషనును ఆపుతుంది. చీర చెంగు, లుంగీ అంచు బెల్టులో పడకుండా చూసుకోండి. పసిపిల్లలను దగ్గరకు రానీయవద్దు. అమెరికాలో ఒక చిన్నారి మిషను కిందికి లాగబడి చనిపోయాక, 2021లో పెలోటన్ అనే కంపెనీ ఒక రకం మిషన్లన్నిటినీ వెనక్కి పిలిపించింది. నడక అయ్యాక ప్లగ్గు పీకి ఆ తాళం అలమారలో పెట్టండి. కరెంటు పోతే బెల్టు తటాలున ఆగుతుంది, కాబట్టి ఒక చేయి పట్టీకి దగ్గరగా ఉండాలి. బెల్టు కింద సిలికాన్ ఆయిలే వేయాలి. కొబ్బరి నూనె, ఇంజను ఆయిలు పనికిరావు. ఎండుగడ్డి నుసి మోటారులో చేరకుండా తుడుస్తూ ఉండండి.

షుగరు ఉన్నవారు వట్టి కాళ్ళతో ఎక్కకండి. అరికాలు మొద్దుబారి ఉంటే బొబ్బ లేచినా తెలియదు, అది పుండైతే వేలు తీసేదాకా పోతుంది. బూట్లు వేసుకుని నడవండి, దిగాక రోజూ అరికాళ్ళు చూసుకోండి, కనబడకపోతే అద్దం పెట్టుకోండి. ఇన్సులిను తీసుకునేవారికి, కొన్ని రకాల మాత్రలు వేసుకునేవారికి నడిచినప్పుడు షుగరు పడిపోయి చెమటలు, వణుకు రావచ్చు. చేతికందేటట్లు గ్లూకోజు పొడిగాని పంచదారగాని ఉంచండి. అనకాపల్లి బెల్లం పక్కనున్నవాళ్ళం, అది లేదని ఎవరూ అనలేరు. ఛాతీలో బరువుగాని, ఎడమ చేతికి లాగుడుగాని, కళ్ళు తిరగడంగాని ఉంటే వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్ళండి. గుండె జబ్బు ఉన్నవారు డాక్టరు చెప్పకుండా మొదలుపెట్టవద్దు.

సాయంత్రం పాల వేళ దగ్గరపడుతున్నది, మిమ్మల్ని ఇంకా కూర్చోబెట్టను. మిషను ఇంట్లో మూలపడి ఉన్నవారు ఎవరైనా ఉంటే పాలకేంద్రం దగ్గర నన్ను కలవండి. దాన్ని ఏ గదిలో పెట్టారో, ఎటు తిప్పి పెట్టారో చెప్పండి. దాని మీద దాణా బస్తాలు ఉంటే ముందు అవి దింపి రండి.