గ్రీన్‌బెల్టు పురము : అచటి సంఘజీవనము



సంఘమును స్థాపించుట యుత్సాహముచే జరుగును. దానిని నిలుపుకొనుటకు పలుతరముల యోపిక కావలయును. అట్లు నిలుపుకొన్న సంఘము తన వాకిలి నెవరికి తెరచినది, ఎవరికి మూసినది యనునదియు విచారింపదగిన విషయమే. ఈ రెంటిని గూర్చి మనకు కొంత తెలియజెప్పగల చిన్న యూరొకటి అమెరికా సంయుక్తరాష్ట్రములలో గలదు. రాజధానియగు వాషింగ్టను నగరమునకు ఇంచుమించు 12 మైళ్ల దూరమున, మేరీలాండు రాష్ట్రమున నున్న ఆ యూరి పేరు గ్రీన్‌బెల్టు. దానిని గూర్చి నేడు మీకు మనవి చేయదలచితిని.

1929లో అమెరికాయందు సంభవించిన ఆర్థికమాంద్యముచే లక్షలకొలది జనులు పనులు గోలుపోయిరి. 1933లో అధ్యక్షపదవి నధిష్ఠించిన ఫ్రాంక్లిను రూజ్వెల్టుగారి ప్రభుత్వము, పనిలేనివారికి పనియు అల్పాదాయులకు మంచి యిండ్లును ఒక్క ప్రయత్నముతో సమకూర్పదలచెను. రెక్సుఫర్డు టగ్వెలుగారి నాయకత్వమున మూడు క్రొత్త పురముల నిర్మాణమునకు పూనిరి. ఓహయో రాష్ట్రమున గ్రీన్‌హిల్సు, విస్కాన్సిను రాష్ట్రమున గ్రీన్‌డేలు, మేరీలాండున గ్రీన్‌బెల్టు. ఊరిచుట్టును అడవులు, పొలములు విడిచిపెట్టి, ఊరు హద్దుమీరి పెరుగకుండ జేయవలెనని ఇంగ్లండునందు ఎబినీజరు హవర్డుగారు 1898లో ప్రకటించిన యుద్యాననగర సిద్ధాంతమే వీనికి మూలము. పచ్చని యొడ్డాణమువలె ఊరిని చుట్టియున్న ఆ వనభూములనుబట్టియే గ్రీన్‌బెల్టునకు ఆ పేరు గలిగెను.

1935లో పని యారంభమయ్యెను. యంత్రములతో త్వరగా ముగించుటకంటె ఎక్కువమందికి కూలి దొరకుటయే ముఖ్యమని తలచి, చెరువును సైతము మనుష్యులచేతనే త్రవ్వించిరి. మొదట కట్టిన నివాసములు 885. ఇండ్లు వరుసలుగా గూడియుండి, ఒకవైపు బండ్లు వచ్చు త్రోవకును, మరియొకవైపు తోటకును తెరచియుండును. బాటసారుల దారులు పెద్దవీధుల క్రిందుగా పోవును గనుక, పిల్లవాడు ఇల్లు విడిచి బడికిగాని అంగడికిగాని మోటారుబండ్ల కెదురుపడకయే పోవచ్చును. ఊరి నడుమ బడి, అంగళ్లు, నాటకశాల, ఈతకొలను అమరియున్నవి.

1937 అక్టోబరు మొదట కుటుంబములు వచ్చి చేరెను. వేలకొలది దరఖాస్తులలోనుండి, ఆదాయమును, కుటుంబపరిమాణమును, నడవడిని విచారించి వీరి నేర్చిరి. ప్రొటెస్టంటులు, కథోలికులు, యూదులు రాజధానియందెంత పాలుగా నుండిరో ఇచటను అంత పాలుగానే తీసికొనిరి. కట్టుబాట్లును పెక్కు లుండెను. ఆరవేసిన బట్టలు సాయంకాలము 4 గంటలలోపల తీయవలెను. కుక్కలను పెంచరాదు. భర్తకు ఉద్యోగముండగా భార్య ఉద్యోగము చేయరాదు.

ఇండ్లు ప్రభుత్వము కట్టినది. సంఘజీవనమును మాత్రము ఊరివారు తామే కట్టుకొనవలసివచ్చెను. వచ్చినవారిలో ననేకులు యువకులు, ఒకరినొకరు ఎరుగనివారు, ముసలివారి యండ లేనివారు. అందుచే ప్రతి యవసరమునకును పొరుగువానినే యాశ్రయింపవలసియుండెను. ఆ సంవత్సరమే నవంబరులో వార్తాపత్రికను నెలకొల్పిరి. పరపతి సంఘమును స్థాపించిరి. వర్తకుడును దాతయునగు ఎడ్వర్డు ఫైలీనుగారి ధనముతో నేర్పడిన సంస్థ మొదట అంగళ్లను నడపుచుండగా, ఊరివారు 10 డాలర్ల చొప్పున వాటాలు గొని, 1940లో వానిని తమ సహకార సంఘమునకు మార్చుకొనిరి. 1941లో తల్లులు కలిసి శిశుపాఠశాలను స్థాపించిరి. బడిపిల్లలు సైతము మిఠాయిల సహకార దుకాణము నడపి లెక్కలు వ్రాసికొనిరి. పగలు పిల్లల బడిగానుండు భవనమే సాయంకాలమున పెద్దల సభామందిర మగుచుండెను. సభ లెంత మితిమీరెననగా, క్రిస్టమసు దినములలో ఎవ్వరును సభలు జరుపక ఇంటిపట్టున నుండవలెనని ఏర్పాటు చేసికొనవలసివచ్చినదని చెప్పుదురు!

ఇట్టి యైకమత్యమునకు పరీక్షలు తప్పవు. యుద్ధానంతరము ప్రభుత్వము ఈ పురములను విక్రయింప నిశ్చయించి, 1949లో చట్టము చేసెను. ఊరు భూవ్యాపారుల చేతులలో బడి చీలిపోవునేమోయని భయపడిన నివాసులు సహకార సంఘముగా నేర్పడి, 1952లో ఇండ్లలో నధికభాగమును తామే కొనిరి. అదియే నేడు గ్రీన్‌బెల్టు హోమ్సు అను పేర ఇంచుమించు 1,600 ఇండ్లను కలిగియున్న సంఘము. ఇందు ఇల్లు ఒక్కొక్కరి సొత్తు కాదు. ఆస్తి సంఘముది, సభ్యునకు నివసించు హక్కును, ఒక వోటును గలవు.

రెండవ పరీక్ష 1953లో వచ్చెను. ప్రతి సహకార ప్రయత్నమునందును కమ్యూనిజమును చూచుచుండిన కాలమది. నౌకాశాఖలో ఇరువదియేండ్లకు మించి పనిచేసిన ఏబ్రహాము చేసనౌ అను గ్రీన్‌బెల్టు నివాసిని, నమ్మదగనివాడని ఉద్యోగమునుండి తొలగించిరి. ఆతని స్వభావము నెరిగిన పొరుగువారు, తమ యుద్యోగములకును ముప్పు రావచ్చునని తెలిసియు, ఆతని పక్షమున సాక్ష్యమిచ్చిరి. 1954లో నౌకాశాఖ తన తప్పు నొప్పుకొని ఆతనిని మరల పనిలో చేర్చుకొనెను.

మూడవ పరీక్ష పత్రికకు గలిగెను. 1965లో బ్రెస్లరను భూవ్యాపారి నగరసభతో జరిపిన బేరమును, బహిరంగసభలో కొందరు బెదిరించి లాగుకొనుటయని నిందించిరి. ఆ మాటను పత్రిక యథాతథముగా ప్రకటించెను. ఆతడు పరువునష్టపు దావా వేయగా, దిగువ కోర్టులో 17,500 డాలర్లు చెల్లింపవలెనని తీర్పయ్యెను. స్వచ్ఛందసేవకులు నడపు చిన్న పత్రికకు అది ప్రాణాంతకమైన మొత్తము. ఊరివారు చందాలు వేసికొని పత్రిక నాదుకొనిరి. 1970లో సుప్రీముకోర్టు ఆ తీర్పును కొట్టివేసెను. బహిరంగసభలోని వాదమును ఉన్నదున్నట్లు ప్రకటించుట పత్రికల హక్కని నిలిపిన ఆ తీర్పు అమెరికా న్యాయశాస్త్రమున నేటికిని ఉదహరింపబడుచున్నది.

మహాజనులారా! ఇంతవరకు చెప్పినది ఆ యూరి కీర్తి. చెప్పకవిడువరాని కొరత యింకొకటి గలదు. పురనిర్మాణమున తెల్లవారితోపాటు నల్లజాతి కూలీలును చెమటోడ్చిరి. ఐనను ఇండ్లు పూర్తియైన పిదప ఒక్క నల్లజాతి కుటుంబమునకైనను అందు చోటియ్యలేదు. మూడు మతములవారిని పాళ్లు లెక్కించి చేర్చుకొన్నవారికి, రాళ్లు మోసినవారు లెక్కకు రాలేదు! సభ్యుల సమానత్వము, ఒక మనిషికి ఒక వోటు అని లోపల నెంత చక్కగా పాటించినను, వాకిలివద్ద ఆ న్యాయము నిలిచిపోయెను. ఆ వాకిలి 1960 తరువాత గాని తెరచుకొనుట మొదలుపెట్టలేదు. 2009లో నగరసభ సభ్యుల సంఖ్యను 5 నుండి 7కు పెంచినప్పుడు గాని, అనగా ఊరు వెలసిన 72 సంవత్సరములకు గాని, నల్లజాతి సభ్యుడు ఆ సభలో గూర్చుండలేదు. 2020 లెక్కల ప్రకారము ఇంచుమించు 25 వేల జనముగల ఆ పురమున నేడు నల్లజాతివారే తక్కిన యే వర్గముకంటెను అధికముగా నున్నారు.

వాకిలి తెరచుటచే సంఘము చెడునని శంకించువారు కొంద రుందురు. గ్రీన్‌బెల్టున అట్లు జరుగలేదు. పెద్ద సహకార సంఘము తన యంగళ్లను విడిచిపోగా, 1984లో నివాసులు మరల వాటాలు వేసికొని ఊరియంగడిని నిలుపుకొనిరి. పత్రిక నేటికిని ప్రతివారము వెలువడి, ఇంటింటికి ఉచితముగా చేరుచున్నది. 1955లో ఆరంభమైన శ్రామికదినోత్సవము నేటికిని ఆ యూరి పెద్దపండుగ. ఒకనాడు వెలిగా నుంచబడినవారి బిడ్డలును దీనికి వారసులైరి.

సంఘముల బలము సభ్యుల చిన్నమొత్తములలోను, ఆపదయందు పొరుగువాని పక్షమున నిలుచు ధైర్యములోను ఉన్నదని గ్రీన్‌బెల్టు మనకు చూపినది. అంతకు మించినది మరియొకటి. మన వసతిగృహములకును సభామందిరములకును రాళ్లు మోసిన చేతు లెవ్వరివి, ఆ కట్టడముల నీడ వారికి దక్కినదా యని ప్రతి సంఘమును తన్ను తాను ప్రశ్నించుకొనవలెను. ఆ ప్రశ్న వేసికొనుటకు 72 సంవత్సరములు పట్టనక్కరలేదు. అమెరికా పురమువారు ఆలస్యముగా నేర్చినదానిని మనము ముందుగానే గ్రహింతుముగాక!