దుకాణం షట్టరు ఎందుకు దిగింది?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సమావేశంలో మన సభ్యులొకరు ఒక ప్రశ్న వేశారు. "పీఎఫ్ డబ్బులు వచ్చినయ్. మావాడు పటాన్‌చెరులో టీవీలు, ఫ్రిజ్జుల షాపు పెడతానంటున్నడు. ఇయ్యాల్నా, వద్దా?" అని. ఆ రోజు సమయం చాలక జవాబు చెప్పలేదు. కార్యదర్శిగారు ఈసారి దాని మీదే మాట్లాడమన్నారు. నేను పాశమైలారంలో ఒక కర్మాగారంలో స్టోర్సులోనూ, తరువాత అకౌంట్సులోనూ పనిచేసి రిటైరైన వాడిని. వ్యాపారిని కాను. అయితే మన సభ్యుడొకాయన కొడుకు నడిపిన ఎలక్ట్రానిక్స్ దుకాణానికి పదేళ్ళ పైన లెక్కలు రాశాను. ఆయన పేరు చెప్పను. లెక్కలు చెప్పుకోవచ్చునని మాత్రం ఆయనే అన్నారు.

ముందు కొంచెం పాత సంగతి. మన ప్రాంతం వాళ్ళకు టీవీ కొత్తేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చూపించిన 'సైట్' ప్రయోగంలో దేశం మొత్తం మీద దాదాపు 2,400 గ్రామాలు ఉంటే, మన పాత మెదక్ జిల్లా పల్లెలు కూడా వాటిలో ఉన్నాయి. ఆ పెట్టెలు తయారుచేసింది మన హైదరాబాదు ఈసీఐఎల్. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చింది. 1987లో రామాయణం మొదలైంది. ఆదివారం పొద్దున టీవీ ఉన్న ఇంటి ముందు ఎన్ని జతల చెప్పులుండేవో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆ రోజుల్లో దుకాణదారు అంటే ఒక పెద్దమనిషి. 1985 వరకు రేడియోకూ, టీవీకీ లైసెన్సు ఉండేది. పోస్టాఫీసులో డబ్బు కట్టి పుస్తకంలో స్టాంపు వేయించుకునేవాళ్ళం. టీవీ కొంటే దుకాణం కుర్రవాడు ఇంటికొచ్చి డాబా మీద యాంటెన్నా కట్టి, హైదరాబాదు వైపు తిప్పి, "వచ్చిందా, వచ్చిందా" అని పైనుంచి కేకలు వేసేవాడు. బొమ్మ పోతే దుకాణంలో మెకానిక్ ఉండేవాడు. రెసిస్టరో, కెపాసిటరో మార్చి బాగుచేసేవాడు. అమ్మకంలో వచ్చింది కొంత, మరమ్మతులో వచ్చింది కొంత, స్టెబిలైజరు, యాంటెన్నా, బూస్టరు, క్యాసెట్ల మీద వచ్చింది కొంత. దుకాణం నాలుగు కాళ్ళ మీద నిలబడేది.

ఆ కాళ్ళు ఒక్కొక్కటే విరిగాయి. మొదట కేబుల్ వచ్చి యాంటెన్నా పోయింది. తరువాత టేపురికార్డరు, వీసీఆర్, సీడీ ప్లేయరు, ట్రాన్సిస్టరు, కెమెరా, కాలిక్యులేటరు, అలారం గడియారం, టార్చిలైటు, ఇవన్నీ పోయి ఒక్క సెల్‌ఫోనులో దూరాయి. దుకాణంలో గోడ నిండా ఉండే సామాను జేబులోకి వెళ్ళిపోయింది. మనమందరం సంతోషించాం, దుకాణదారుకు మాత్రం పది పన్నెండు రకాల సరుకు గల్లంతైంది. ఇక పిక్చరు ట్యూబు పోయి పల్చటి తెర వచ్చాక మరమ్మతు కూడా పోయింది. తెర పగిలితే కొత్త టీవీ ధరకు దగ్గరగా చెబుతారు. వారంటీ పని కంపెనీ సర్వీసు సెంటరే చూస్తుంది, దుకాణం మెకానిక్‌కు అక్కడ చోటులేదు.

ఇప్పుడు మన మిత్రుని సంగతి. 2009లో రిటైరయ్యారు. పీఎఫ్, గ్రాట్యుటీ కలిపి వచ్చిన దానిలో 7 లక్షలు కొడుకు చేతిలో పెట్టారు. అందులో 4 లక్షలు దుకాణం అడ్వాన్సుకూ, అద్దాల బీరువాలకూ, బోర్డుకూ పోయాయి. మిగిలిన 3 లక్షలు సరుకు. అది చాలదు గనుక బ్యాంకులో 15 లక్షల క్యాష్ క్రెడిట్ తీసుకున్నారు. హామీ ఏమిటి? ఉన్న ఇల్లు.

2012 నాటి పుస్తకం నుంచి ఒక నెల లెక్క చెబుతాను. దుకాణం కిరాయి 22,000. ఇద్దరు కుర్రవాళ్ళ జీతాలు 16,000. కరెంటు 5,000. బ్యాంకు అప్పు 15 లక్షల మీద నూటికి 12 చొప్పున నెలకు వడ్డీ 15,000. చాయ్, ఆటో ట్రాలీ, చిల్లర ఖర్చులు 3,000. మొత్తం 61,000 రూపాయలు. ఇక రాబడి. 16,000 రూపాయల టీవీ మీద అతనికి మిగిలేది నూటికి 6, అంటే 960 రూపాయలు. ఖర్చులు పోవాలంటేనే నెలకు 64 టీవీలు అమ్మాలి. ఆదివారాలు కూడా తెరిచి కూర్చున్నా రోజుకు రెండుకు పైన. ఆ తరువాతే ఇంట్లోకి బియ్యం. దసరా, దీపావళి నెలల్లో అమ్మేవాడు. ఆషాఢంలో అద్దాలు తుడుచుకుంటూ కూర్చునేవాడు. కిరాయికి ఆషాఢం లేదు.

ఈ లెక్కలో రాయని ఖర్చు ఒకటి ఉంది. తండ్రి ఇచ్చిన 7 లక్షలకు వడ్డీ ఎవరూ వేయలేదు. అదే సొమ్ము ఆనాడు సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో పెట్టి ఉంటే నూటికి 9 చొప్పున ఏడాదికి 63,000, నెలకు 5,250 వచ్చేది. పైగా ఆ పెద్దాయన పొద్దుటినుంచి రాత్రి తొమ్మిదింటిదాకా గల్లా దగ్గర కూర్చునేవారు. దానికి జీతం లేదు. ఆ రెండూ కలిపితే లాభమనుకున్న చాలా నెలలు నష్టపు నెలలే. నేను ఒక వేరే కాగితం మీద వేసి చూపించాను. కొడుకు చూసి, "అంకుల్, నాన్న డబ్బుకు కూడా వడ్డీ వేస్తారా?" అని నవ్వాడు. తండ్రి నవ్వలేదు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇంకో గండం పాత సరుకు. మేము స్టోర్సులో పనిచేసినప్పుడు బోల్టు పదేళ్ళు ర్యాకులో ఉన్నా బోల్టే. టీవీ అలా కాదు. కొత్త మోడల్ వచ్చిన రోజు నుంచి పాత మోడల్ ధర దిగుతుంది. ఒకసారి టీవీకి 1,500 తగ్గింది. అతని దగ్గర ఎనిమిది ఉన్నాయి. 12,000 పోయింది. పన్నెండు టీవీల లాభం ఒక్క ఉత్తరంతో తుడిచిపెట్టుకుపోయినట్లు.

ఫోను మీద కొనుగోళ్ళ సంగతి అందరూ చెప్పేదే గనుక నేను ఆలస్యంగా ఎత్తుకున్నాను. ఫ్లిప్‌కార్ట్ 2007లో పుస్తకాలతో మొదలైంది. 2010లో సరుకు అందాక డబ్బు ఇచ్చే పద్ధతి పెట్టింది. కార్డు లేనివాడు, కార్డంటే భయమున్నవాడు కూడా దాంతో కొనడం నేర్చుకున్నాడు. 2013లో అమెజాన్ వచ్చింది. 2014లో మోటో జీ, తరువాత షావోమీ ఫోన్లు కేవలం ఫ్లిప్‌కార్ట్‌లోనే అమ్మకానికి పెట్టారు. దుకాణానికి వచ్చి అడిగినవాడికి "లేదు" అని చెప్పడం తప్ప దారిలేదు. గిరాకీని ఒకసారి లేదని పంపితే రెండోసారి రాదు. అదే ఏడాది అక్టోబరు 6న పెట్టిన పెద్ద తగ్గింపు అమ్మకంలో పది గంటల్లోనే 600 కోట్ల రూపాయల సరుకు అమ్మామని ఆ కంపెనీయే ప్రకటించుకున్నది. ఆ దసరా వెళ్ళిన మూడోరోజునే ఇది. మన దుకాణాలకు ఏడాది పంట చేతికొచ్చే సమయం.

మన మిత్రుని దుకాణంలో నేను కళ్ళారా చూసింది ఇది. ఒక కుర్రవాడు భార్యతో వచ్చి అరగంటసేపు టీవీలు వేయించుకొని చూశాడు. రంగు, మోత, రిమోటు అన్నీ అడిగి తెలుసుకున్నాడు. తరువాత ఫోను తీసి, "అన్నా, దీంట్ల పద్నాలుగు వేల ఎనిమిది వందలే చూపిస్తుంది, ఇస్తవా?" అన్నాడు. దుకాణదారు కొన్న ధరే 15,040. ఏమిస్తాడు? ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టను. నెలజీతం మీద బతికేవాడికి 1,200 తక్కువ డబ్బేమీ కాదు, మనమైనా అదే చేసేవాళ్ళం. కొన్నవాడి కంటే తక్కువకు వాళ్ళెట్లా అమ్మగలుగుతున్నారన్నది దుకాణదారుల ఫిర్యాదు. ప్రభుత్వం 2016లోనూ, 2018 చివరలోనూ విదేశీ పెట్టుబడి ఉన్న ఇలాంటి కంపెనీలకు నిబంధనలు పెట్టింది. 2020 జనవరిలో ఢిల్లీ వ్యాపారుల సంఘం ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ విచారణకు ఆదేశించింది. అప్పటికి మన పటాన్‌చెరు దుకాణం ఆఖరి దశలో ఉంది.

అయితే అంతా ఫోను మీదికే నెట్టేస్తే నిజం కాదు. హైదరాబాదులో 1980లో ఒక్క దుకాణంతో మొదలైన బజాజ్ ఎలక్ట్రానిక్స్ వారు ఊరూరా షోరూములు పెట్టుకుంటూపోయి, 2022 అక్టోబరులో ఎలక్ట్రానిక్స్ మార్ట్ ఇండియా పేరుతో 500 కోట్ల రూపాయల షేర్లు అమ్మి స్టాక్ మార్కెట్లోకి వెళ్ళారు. అదీ ఇటుకా సున్నం దుకాణమే కదా! తేడా ఏమిటంటే, వేల పెట్టెలు ఒక్కసారి కొనేవాడికి కంపెనీ ఇచ్చే ధర వేరు, ఎనిమిది పెట్టెలు కొనేవాడికి వేరు. వాయిదాల పద్ధతి, బ్యాంకు కార్డు రాయితీ కూడా పెద్దవాళ్ళకే ముందు వస్తాయి. చిన్న దుకాణం కింద ఫోనుకూ, పైన షోరూముకూ మధ్య నలిగిపోయింది.

మరి పెద్దదైతే చాలా? అదీ కాదు. మీ పిల్లల్లో చాలామంది అమెరికాలో ఉన్నారు, అడిగి చూడండి. సర్క్యూట్ సిటీ అని అక్కడ 567 దుకాణాలున్న సంస్థ. 2007లో జీతాలెక్కువని 3,400 మంది అనుభవమున్న అమ్మకందారులను ఒకేసారి తీసేసి తక్కువ జీతం వాళ్ళను పెట్టుకుంది. రెండేళ్ళు తిరక్కుండానే, 2009 మార్చిలో మొత్తం మూసేశారు. ఆ ఒక్క పనివల్లే మూతపడిందని నేననను. కానీ సరుకు గురించి చెప్పగలిగిన మనిషిని పంపేశాక దుకాణానికి వచ్చేదెందుకు? ముప్పై ఏళ్ళ సర్వీసు తరువాత "స్వచ్ఛంద" పదవీ విరమణ కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళు ఈ హాలులో ఉన్నారు, వాళ్ళకు నేను విడమరచి చెప్పనక్కరలేదు. కాలిఫోర్నియాలో మన సాఫ్ట్‌వేరు పిల్లలంతా తిరిగిన ఫ్రైస్ ఎలక్ట్రానిక్స్ కూడా 2021 ఫిబ్రవరిలో మూతపడింది. చివరి రోజుల్లో డబ్బు ఇవ్వలేక, అమ్ముడైన తరువాతే ఇస్తాం, సరుకు ఉంచండి అని సరఫరాదారులను అడిగారు. వాళ్ళు ఒప్పుకోక అరలు ఖాళీ అయ్యాయి. అక్కడే బెస్ట్ బై అనే సంస్థ 2012 తరువాత ఆన్‌లైను ధరకే ఇస్తామని చెప్పి, కంపెనీలకు తన దుకాణంలోనే చోటిచ్చి నిలబడింది. ఆ స్థోమత దానికుంది, మన రోడ్డు పక్క దుకాణానికి లేదు.

ఇక ఎవరూ చెప్పని కారణం ఒకటి. అది మన పాశమైలారం కారణం. దుకాణం బతికేది కొనేవాడి వల్ల. మన కాలంలో పర్మనెంటు కార్మికుడికి దసరా ముందు బోనసు వచ్చేది. చట్టం ప్రకారం తక్కువలో తక్కువ నూటికి 8.33. క్రెడిట్ సొసైటీ అప్పు ఉండేది, జీతంలో కోత పెట్టేవారు. ఆ ధైర్యంతో పటాన్‌చెరు వెళ్ళి ఒక ఫ్రిజ్జు బేరమాడేవాళ్ళం. ఇప్పుడు షిఫ్టు మారే వేళ గేటు దగ్గర నిలబడి చూడండి. బీహారు, ఒడిషా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కాంట్రాక్టు పిల్లలు. ఒక గదిలో ఐదారుగురు. మిగిలిన ప్రతి రూపాయీ ఊరికి పంపుతారు. వాళ్ళకు ఫ్రిజ్జెందుకు, పెట్టుకునే చోటేది? వాళ్ళు కొనేది ఒక ఫోను, దానికి రీచార్జి. ఫ్యాక్టరీలు పెరిగాయి, చిమ్నీలు పెరిగాయి, కొనే ఇళ్ళు ఆ లెక్కన పెరగలేదు. జీతాలు బాగున్నవాళ్ళు మియాపూరు, చందానగరు వైపు కాపురముండి అక్కడే కొంటున్నారు.

మన మిత్రుని దుకాణం 2020 ఫిబ్రవరిలో మూశారు. నెల తిరక్కుండా లాక్‌డౌన్ వచ్చింది. అప్పటికి మూయడమే మేలైంది. మిగిలిన సరుకు సగం ధరకు పోయింది. బ్యాంకు బాకీ తీర్చడానికి కూతురి పెళ్ళికని ఉంచుకున్న 200 గజాల ప్లాటు అమ్మారు. ఇల్లు దక్కింది. కొడుకు ఇప్పుడు ఒక షోరూములో అమ్మకాల ఉద్యోగం చేస్తున్నాడు, మంచి పనిమంతుడని పేరు. తండ్రికి వచ్చేది ఈపీఎస్ పింఛను. 2014లో కనీసం 1,000 రూపాయలు చేసిన పింఛను ఎంత ఉంటుందో మీకు తెలుసు. ఆ పెద్దాయనకు కొడుకు మీద కోపం లేదు. ఆమె ముందు ప్లాటు మాట మాత్రం ఎత్తడు.

ఇక ప్రశ్న అడిగిన సభ్యునికి. అన్నా, ఇవ్వవద్దని నేను చెప్పను. కొడుకు మీ కొడుకు. కానీ నాలుగు సంగతులు కాగితం మీద రాయించుకోండి. నెల ఖర్చెంత, ఆ ఖర్చు పోవడానికి ఎన్ని పెట్టెలు అమ్మాలి, చుట్టుపక్కల ఎవరు కొంటారు, పేర్లతో సహా. ఇల్లు హామీ పెట్టమంటే వద్దనండి. మీరు ఇచ్చేది పీఎఫ్‌లో ఒక భాగమే కావాలి. సీనియర్ సిటిజన్ల పథకంలో 2023 ఏప్రిల్ నుంచి 30 లక్షలదాకా పెట్టుకోవచ్చు, మీ ఇద్దరి పోషణకు ముందు అక్కడ పెట్టి, మిగిలితే ఇవ్వండి. ఏ సరుకు అమ్ముతాడని కూడా అడగండి. టీవీలు, ఫోన్ల జోలికి పోకుండా ఇన్వర్టర్లు, బ్యాటరీలు, ఏసీల బిగింపు, ఫ్యాక్టరీలకూ అపార్టుమెంట్లకూ సీసీ కెమెరాలు, వీటి మీద నిలబడ్డ చిన్న దుకాణాలు మన దారిలోనే ఉన్నాయి. అక్కడ మనిషి నిచ్చెన ఎక్కాలి, వైరు లాగాలి, చెడితే రాత్రి పూట కూడా రావాలి. మీవాడు నిచ్చెన ఎక్కుతాడా, గల్లా దగ్గరే కూర్చుంటాడా అన్నది మీకే తెలియాలి.

నేను చెప్పిన లెక్కల కాగితం కార్యదర్శిగారి దగ్గర పెట్టాను, కావలసినవాళ్ళు నకలు తీసుకోవచ్చు. భోజనాలకు ఇంకా ఇరవై నిమిషాలుందంటున్నారు, ప్రశ్నలుంటే అడగండి.