ఆవగింజంత మచ్చ



పట్టభద్రులారా, మీ వయసులో నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. నా దగ్గర బొటనవేలి గోరంత సోలార్ సెల్ ఉండేది, ఒక్క చదరపు సెంటీమీటరు. దాని మీదికి ఫ్రెనెల్ కటకంతో 500 రెట్ల ఎండ పోగేశాను. అంటే ఆ గోరంత చోట 50 వాట్లు. అందులో 40 శాతం కరెంటుగా మారినా తక్కిన 30 వాట్లూ వేడే. ఆ వేడిని లాగేయడానికి వెనక అల్యూమినియం రెక్కలు బిగించి, వాటి మీద ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ అతికించాను. అంతా నిక్షేపంగా ఉందని అది చెబుతూనే ఉంది. పవర్ మాత్రం రోజురోజుకీ పడిపోతోంది. విప్పి చూస్తే సెల్ నట్టనడుమ ఆవగింజంత మేర మాడిపోయి ఉంది.

500 అనేది సగటు. కటకం వెలుగును సమంగా పరవదు. నడుమ కుప్పపోసి అంచులకు పలచగా చల్లుతుంది. నడుమ పుట్టిన కరెంటంతా వెంట్రుకకన్నా సన్నని లోహపు గీతల్లోంచి పక్కలకు పారాలి. కరెంటు రెట్టింపైతే ఆ గీతల్లో నష్టం నాలుగింతలవుతుంది. ఆ నష్టమూ వేడిగానే తేలుతుంది. ఎండ చిక్కబడితే వోల్టేజీ కాస్త పెరిగే మాట నిజమే కానీ, ఆ లాభాన్ని ఈ వేడి తినేస్తుంది.

మా గురువుగారు కటకానికీ సెల్‌కీ మధ్య చిన్న గాజు దిమ్మె నిలబెట్టమన్నారు. వెలుగు దాని గోడలకు తగిలి, తిరిగి తగిలి, కలగలిసి కింద సమంగా పరుచుకుంది. గాజులో కొంత వెలుగు పోయింది. అయినా పవర్ పెరిగింది! ఆ సాయంత్రం మీటరు ముందునుంచి కదలబుద్ధి కాలేదు.

ఇలా వెలుగు పోగేసే పద్ధతిలోనే జర్మనీలో ఫ్రాన్‌హోఫర్ సౌరశక్తి సంస్థ 2022లో నాలుగు పొరల సెల్‌తో, 665 రెట్ల వెలుగు కింద 47.6 శాతం సామర్థ్యం సాధించింది. గొప్ప పని. అయితే ఇలాంటి రికార్డులు సెల్‌ను 25 డిగ్రీల దగ్గర ఉంచి కొలిచేవి. మన ఎండలకు ఆ మర్యాద తెలియదు.

మీలో కొందరు కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గరి 1,000 మెగావాట్ల పార్కులాంటి చోట్లకు వెళ్తారు. అక్కడ కటకాలుండవు, మామూలు ప్యానెళ్లే. అయినా కాకి రెట్ట ఒక సెల్‌ను కప్పితే చాలు, వరసలోని తక్కిన సెల్స్ తోసే కరెంటు దానిలో వేడిగా మారుతుంది. కంట్రోల్ రూమ్‌లో మొత్తం లెక్క బాగానే కనిపిస్తుంది. మీరు థర్మల్ కెమెరా పట్టుకుని మిట్టమధ్యాహ్నం ఆ వరసల మధ్య నడవండి. తలకు తువ్వాలు చుట్టుకోవడం మరిచిపోకండి.